మా వీధి అరుగు: బెంచీ యెక్కినవాడు

కిందటి నెల మన సమాజం హాలులో సభ ముగిసి, అందరం పులిహోర పొట్లాలు చేత పట్టుకుని మెట్ల మీద నిలబడి వుండగా, ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది. ఆమె పుట్టింది మడకశిర దగ్గర పల్లెలో. బెంగుళూరు వచ్చి అరవై యేళ్ళు దాటింది. మేమంతా ఆమెను అవ్వా అనే పిలుస్తాం.

"నాయనా, నువ్వు ఆ కంప్యూటరు కంపెనీలో శానా యేండ్లు పని చేసినావంటనే. మా మనవణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టినారంట. రెండు నెల్లాయె. వాడేం తప్పు చేసినాడో, అడిగితే చెప్పడు. కూడు సరిగ్గా తినడు. మా కాలంలో బడిలో అల్లరి చేస్తే బెంచీ యెక్కిచ్చేవాళ్ళు. జీతమిచ్చి మరీ బెంచీ యెక్కిస్తారా యెక్కడన్నా?"

చుట్టూ వున్నవాళ్ళు ఫక్కున నవ్వారు. నేనూ నవ్వబోయాను గాని, నవ్వు రాలేదు. మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదది. "వచ్చే నెల మన పత్రికలో రాస్తాను, మీ కోడలి చేత చదివించుకోండవ్వా" అని చెప్పి వచ్చేశాను. ఇచ్చిన మాట తప్పడానికి వీల్లేదు గనుక, ఈ నెల అరుగు మీద కూర్చుని ఆ కథే చెబుతాను. అందులో నా కథ కూడా కొంత వుంది. అది గొప్పగా చెప్పుకునేది కాదు.

ముందు అవ్వ ప్రశ్నకు జవాబు. బెంచీ అంటే శిక్ష కాదు. ఈ పెద్ద కంపెనీలు చాలావరకు అమ్మేది సరుకు కాదు, మనుషుల పనిగంటలు. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒక బ్యాంకు వుంటుంది, ఒక బీమా సంస్థ వుంటుంది. వాళ్ళ లెక్కలు నడిపే ప్రోగ్రాములు రాయడానికీ, రాసినవి చెడితే బాగుచేయడానికీ మనుషులు కావాలి. ఆ మనుషులను మన కంపెనీ సమకూర్చి, గంటకు యింతని బిల్లు వేస్తుంది. అలా బిల్లు పడే పనిలో వున్నవాడు ప్రాజెక్టులో వున్నట్టు. ఒక ప్రాజెక్టు ముగిసి, మరొకటి దొరికేదాకా ఖాళీగా వున్నవాడు బెంచీ మీద వున్నట్టు. టాక్సీ స్టాండులో బాడుగ కోసం యెదురుచూసే బండి వుంటుంది చూడండి, అదీ వాడి స్థితి. బండి చెడిపోలేదు, బాడుగ రాలేదు, అంతే.

కొంతమంది ఖాళీగా వుండడం కంపెనీకీ అవసరమే. రేపు కొత్త బేరం కుదిరితే వారం తిరక్కుండా మనుషులను చూపించాలి గదా! అందుచేత నూటికి 80 మందికి పైగా పనిలోనూ, మిగిలినవాళ్ళు శిక్షణలోనో ఖాళీగానో వుండేట్టు లెక్క వేసుకుంటారు. బేరాలు జోరుగా వున్న రోజుల్లో బెంచీ మీద కూర్చున్నవాడికి కొత్తల్లుడి మర్యాదలు జరుగుతాయి. బేరాలు మందగించిన రోజుల్లో వాడిది ఇల్లరికపుటల్లుడి బతుకు. తిండి పెడతారు, కాని ప్రతి ముద్దా లెక్కపెడతారు.

* * *

మా నాయన 1962లో జాలహళ్ళిలోని హెచ్.ఎం.టి. గడియారాల కార్ఖానాలో చేరారు. జపాను వారి సిటిజన్ కంపెనీ సహకారంతో ఆ కార్ఖానా అంతకు ముందు యేడే మొదలయింది. పొద్దున సైరను కూస్తే మా పేటలో పాలు పొయ్యి మీదికి యెక్కేవి; సాయంత్రం కూస్తే పిల్లలం ఆటలు మాని కాళ్ళు కడుక్కునేవాళ్ళం. ఆయన 37 యేళ్ళు ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళి, ఒకే గేటులోంచి బయటికి వచ్చారు. ఉద్యోగమంటే అదే అని మా యింట్లో అందరి నమ్మకం.

నేను 1998లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. దాని పేరుతో మనకు పని లేదు. అప్పటికి బెంగుళూరులో ఆ గాలి బాగా వీస్తోంది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు వచ్చారు. 1991లో ప్రభుత్వం వారు సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల వ్యవస్థను పెట్టి, ఎగుమతి చేసేవారికి వసతులు కల్పించారు. నా మొదటి జీతం కవరు చూసి మా నాయన కళ్ళజోడు సవరించుకున్నారు. అప్పుడాయన జీతానికి అది నాలుగు వందలు మాత్రమే తక్కువ. "నేను ముప్పై ఆరేండ్లకు యెక్కిన మెట్టు నువ్వు మొదటి నెలలోనే యెక్కినావే!" అన్నారు. సంతోషంగానే అన్నారు గాని, ఆ రాత్రి అన్నం తింటూ యేమీ మాట్లాడలేదు.

చేరిన మరుసటేడే నన్ను అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డుకు పంపించారు. అది బీమా కంపెనీలకు పేరుపడ్డ వూరు. అప్పటి పనేమిటంటే, పాతకాలం ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసేవారు, 1965 అయితే 65 అని. జాగా ఆదా చేయడానికి చేసిన పని అది. తీరా 2000 సంవత్సరం వస్తే 00 అవుతుంది. యంత్రం దాన్ని 1900 అనుకుంటే, 1965లో పుట్టిన పాలసీదారు యింకా పుట్టనేలేదని లెక్క తేలుతుంది. అలాంటి చోట్లన్నీ వెతికి దిద్దాలి. లక్షల వరుసలు. బియ్యంలో రాళ్ళేరినట్టు యేరాం. మన దేశపు కంపెనీలకు ప్రపంచంలో పరపతి తెచ్చిపెట్టిన పనులలో యీ రాళ్ళేరే పని ముఖ్యమైనది.

1999 డిసెంబరు 31న ఆఫీసులోనే కూర్చున్నాం. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయ్యేటప్పటికి మనకు అర్ధరాత్రి. మా అమ్మ ఫోను చేసి, "ఇక్కడ కరెంటు పోలేదురా, నువ్వు తిన్నావా?" అని అడిగింది. ఆ మాటే అక్కడి దొరలకు చెబితే, వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి గడిచి తెల్లవారింది, ఏమీ కూలలేదు. మేం గెలిచామనుకున్నాం. పని పూర్తి చేసిన కూలివాడికి మరునాడు పని వుండదన్న సంగతి ఆ సంతోషంలో తోచలేదు.

2001లో అమెరికాలో వ్యాపారాలు దిగజారాయి. మా ప్రాజెక్టు ఆపేశారు. బెంగుళూరు తిరిగివచ్చి నాలుగు నెలలు బెంచీ మీద కూర్చున్నాను. పొద్దున తొమ్మిదికి వెళ్ళాలి, సాయంత్రం ఆరుదాకా వుండాలి, మధ్యలో చేయడానికి పని లేదు. కాఫీ త్రాగడానికి వెళితే "వీడికేం, రాజా!" అన్నట్టు చూసేవాళ్ళు కొందరు, పాపమన్నట్టు చూసేవాళ్ళు కొందరు. రెండో చూపే యెక్కువ గుచ్చుకుంటుంది. యింట్లో మా నాయనకు విషయం చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "కార్ఖానాలో మాకూ సామాను రాని దినాలు వుండేవి. ఆ దినం యంత్రానికి నూనె వేసుకుంటా కూర్చునేవాళ్ళం. నువ్వూ అట్లే యేదో ఒకటి నూనె వేసుకో" అన్నారు. నేను ఆ నాలుగు నెలల్లో కొత్త భాష ఒకటి నేర్చుకున్నాను. దానివల్లే మళ్ళీ ప్రాజెక్టులోకి వెళ్ళాను. అప్పుడు నాకు 26 యేళ్ళు. వయసు తక్కువ, జీతమూ తక్కువ. దిగడం తేలికయింది.

* * *

తరువాత నన్ను మేనేజరును చేశారు. 2016 నాటికి నా కింద 22 మంది వుండేవారు. మేనేజరు చేయవలసిన పనుల్లో యేడాదికొకసారి వచ్చేది ఒకటుంది, రేటింగు. ఎవరు యెంత బాగా పనిచేశారో తరగతులు వేయాలి. ఇంతవరకు బాగానే వుంది. బడిపంతులు వేయడం లేదా? అయితే బడిలో అందరూ బాగా రాస్తే అందరూ ప్యాసవుతారు. ఇక్కడ అలా కాదు. 22 మందిలో పై తరగతిలో యిద్దరు ముగ్గురికి మించి వుండకూడదు. అట్టడుగున యిద్దరు వుండితీరాలి. అందరూ నూటికి తొంభై తెచ్చుకున్నా సరే, యిద్దరు తప్పాలి. కాగితం మీద గీస్తే గంట ఆకారంలో వస్తుంది గనుక దీనికి గంటగీత అని పేరు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీని 1981 నుంచి 2001 దాకా నడిపిన జాక్ వెల్చ్ గారు, యేటా అడుగు పదిశాతం మందిని వదిలించుకోవాలన్న పద్ధతికి పేరు తెచ్చారు. లోకమంతా అది పాకింది. మైక్రోసాఫ్ట్ వారు 2013లో యిలాంటి పద్ధతిని మానేశారు. మా ఆఫీసులో మాత్రం గంట మోగుతూనే వుంది.

నా 22 మందిలో రాయదుర్గం అబ్బాయి ఒకడుండేవాడు. నెమ్మదస్థుడు. కంపెనీలో చిన్నా పెద్దా అందరినీ పేరుపెట్టి పిలవాలని నియమం. మీటింగులో నన్ను పేరుతో పిలవడానికి వాడు పడే అవస్థ చూస్తే నవ్వొచ్చేది. గది దాటి బయటికి రాగానే "అన్నా" అనేవాడు. ఆ యేడు వాడి క్లయింటు కంపెనీని మరో కంపెనీ కొనేసింది, ప్రాజెక్టు మూతపడింది. వాడు డెబ్బై రోజులు బెంచీ మీద కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే రేటింగుల కాలం వచ్చింది.

అడుగున యిద్దరి పేర్లు రాయాలి. మొదటి పేరు కష్టం లేకుండానే తేలింది. అతను నిజంగానే పని యెగ్గొట్టేవాడు. రెండో పేరు దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. ప్రాజెక్టుల్లో వున్నవాళ్ళకు క్లయింట్లు రాసిన మెచ్చుకోలు ఉత్తరాలున్నాయి. వాళ్ళలో ఎవరిని కిందికి తోసినా, క్లయింటు మండిపడతాడు. బెంచీ మీద వున్నవాడి తరఫున మాట్లాడేవాడు ఎవరూ వుండరు. మాట్లాడవలసినవాణ్ణి నేనే. నేను మా పైవాడికి ఒక ఉత్తరం రాశాను. "నీ కష్టం తెలుసు, కాని లెక్క మారదు" అని జవాబు వచ్చింది. రెండో ఉత్తరం రాయలేదు. నాకప్పుడు బన్నేరుఘట్ట రోడ్డులో ఫ్లాటు మీద అప్పు, అమ్మాయికి తొమ్మిదో తరగతి ఫీజు, మా రేటింగు వేసే పైవాడి చూపు, యివన్నీ కళ్ళముందు వున్నాయి. రాయదుర్గం అబ్బాయి పేరు రాశాను.

వాణ్ణి గదిలోకి పిలిచి చెప్పవలసిందీ నేనే. కంపెనీ వారు నేర్పిన వాక్యం వుంది: "ఇది నీ సామర్థ్యం మీద తీర్పు కాదు, నీ యెదుగుదలకు ఒక అవకాశం." అదే చెప్పాను. వాడు కోపపడలేదు. "నేను చేసిన తప్పేందో చెప్పన్నా, దిద్దుకుంటా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నీ తప్పేమీ లేదు నాయనా అని చెప్పవచ్చు. చెబితే, మరి ఎందుకు రాశావని అడుగుతాడు. అందుకని, "కాస్త చురుకుదనం పెంచుకోవాలి" అన్నాను. వాడు తల వూపి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, ఆ మాట రాసుకున్నాడు. నెల తిరక్కుండా హెచ్.ఆర్. వారు వాడి చేత రాజీనామా రాయించుకున్నారు. అది స్వచ్ఛందంగా చేసినట్టే కాగితాల్లో వుంటుంది.

కంపెనీ చెప్పినట్టు చేశానని నన్ను నేను సమాధానపరచుకోగలను. ఆ అబద్ధం మాత్రం నేనే ఆడాను. ఒక అమాయకుడు లేని తప్పును దిద్దుకోవడానికి పుస్తకంలో రాసుకుని వెళ్ళాడు.

* * *

2023లో నా వంతు వచ్చింది. అప్పటికి నాకు 48 యేళ్ళు. కోవిడు కాలం నుంచి పని యింట్లోనే. మా ప్రాజెక్టు ముగిసింది. నేను బెంచీ మీదికి వచ్చాను. ఈసారి నూనె వేసినా చక్రం తిరగలేదు. అందుకు కారణం తెలియాలంటే, ఈ వ్యాపారపు కట్టడి కొంచెం తెలియాలి. ఇది కిందట వెడల్పు, పైన సన్నం అయిన గోపురం. కింద కొత్తగా చదువు ముగించి వచ్చిన పిల్లలు యెక్కువమంది, పైన మా బోటి అనుభవస్థులు కొద్దిమంది. క్లయింటు యిచ్చే డబ్బు పెద్దగా పెరగదు; యేటా జీతాలు పెరుగుతూ మేం ఖరీదయిపోతాం. పైన మనుషులు చేరుతున్నకొద్దీ లాభం తరుగుతుంది. గోపురం తలకిందులు కాకూడదంటే పైన కొన్ని రాళ్ళు తీసేయాలి. మా నాయన కార్ఖానాలో చెయ్యి తిరిగినకొద్దీ మనిషి విలువ పెరిగేది. ఇక్కడ ఒక వయసు దాటాక, ఆ తిరిగిన చెయ్యే బరువవుతుంది.

కంప్యూటరు తెర మీద అరగంట మీటింగు పెట్టారు. ఎదురుగా హెచ్.ఆర్. అమ్మాయి, మా అమ్మాయికన్నా అయిదారేళ్ళు పెద్దది అయివుంటుంది. చెప్పవలసినదంతా చెప్పి, చివర, "ఇది మీ సామర్థ్యం మీద తీర్పు కాదండీ" అంది. ఆ వాక్యం యింకా మారలేదన్నమాట! రాయదుర్గం అబ్బాయి అడిగిన ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి మింగేశాను. ఆమె దగ్గర కూడా జవాబు వుండదని నాకు తెలుసు. పాతికేళ్ళ ఉద్యోగానికి ఆ వారంలోనే రాజీనామా రాసిచ్చాను.

యింట్లో చెప్పలేదు. పొద్దున యథాప్రకారం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాణ్ణి. నేను మీటింగులో వున్నాననుకుని మా ఆవిడ కాఫీ గ్లాసు తలుపు దగ్గర పెట్టి, అడుగు చప్పుడు కాకుండా వెళ్ళిపోయేది. నేను వెలగని తెర ముందు కూర్చుని ఆ కాఫీ త్రాగేవాణ్ణి. పదకొండు రోజులు అలా గడిచాయి. పన్నెండోనాడు కంపెనీ లాప్‌టాప్ తీసుకుపోవడానికి కొరియరు కుర్రాడు వచ్చాడు. తలుపు తీసింది మా ఆవిడ. "ఎందుకు తీసుకుపోతున్నారు? బాగులేదా?" అని అడిగింది. "ఉద్యోగం వదిలేసినవాళ్ళవి తీసుకుపోతామమ్మా" అన్నాడు వాడు.

ఆమె కేకలు వేయలేదు. "పదకొండు రోజులు నాచేత దొంగలాగా నడిపించారు గదా, నా యింట్లో నన్ను!" అంది. నా ఉద్యోగం పోయినందుకు ఆమె ఒక్క మాట అనలేదు. ఈ మాట మాత్రం యిప్పటికీ అంటూనే వుంది.

ఎనభై దాటిన మా నాయనకు ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన చేతికి యిప్పటికీ వాళ్ళ కార్ఖానా గడియారమే. ఆ గడియారాల కంపెనీని మూసేయడానికి ప్రభుత్వం 2016లో నిర్ణయం చేసింది. "మా కార్ఖానానే పాయె. నువ్వు పోలేదు గదా" అన్నారు.

ఆ తరువాత వారం రాయదుర్గం అబ్బాయికి ఫోను చేశాను. నంబరు వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. చేయడానికి ధైర్యం కూడగట్టుకోవడానికి మరో రెండు రోజులు. వాడిప్పుడు హైదరాబాదులో ఒక చిన్న సంస్థలో స్థిరపడ్డాడు, ఇద్దరు పిల్లలు. "అప్పుడు నువ్వు చేసిన తప్పేమీ లేదు. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. వాడు నవ్వి, "అది యెప్పుడో మరిచిపోయినా లేన్నా" అన్నాడు. కొంతసేపు మాట లేదు. తరువాత మెల్లగా, "మా నాయనకు మాత్రం కంపెనీనే మూసేసినారని చెప్పినాన్నా. పోయిన సంవత్సరం ఆయన పోయేదాకా అదే అనుకున్నాడు" అన్నాడు.

* * *

అవ్వా, ఇదంతా మీకెందుకు చెప్పానంటే, ఈ ఉద్యోగాల్లో పని పోవడం కన్నా, పోయిందని యింట్లో చెప్పలేకపోవడం యెక్కువ చెరుపు చేస్తుంది. నేను మా ఆవిడ దగ్గర దాచాను. ఆ అబ్బాయి తండ్రి దగ్గర దాచాడు. మీ మనవడు మీ దగ్గర దాస్తున్నాడు. ఇప్పుడు యీ బాధ ఒకరిద్దరిది కాదు. 2025 జూలైలో దేశంలోకెల్లా పెద్దదైన సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12,000 మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. దేశంలో యీ పరిశ్రమను నమ్ముకున్నవాళ్ళు 50 లక్షలకు పైమాటే. కృత్రిమ మేధ వచ్చి, కొత్త పిల్లలు చేసే పనులు కొన్ని యంత్రమే చేసిపెడుతోంది. మన సమాజంలో యిలాంటి పిల్లవాడు లేని కుటుంబం అరుదు. అందుచేత నాకు తెలిసిన నాలుగు సంగతులు యింటింటికీ పనికొస్తాయని రాస్తున్నాను.

ఒకటి. రాజీనామా రాయమని అడిగిన వెంటనే రాయనక్కర్లేదు. "రెండు రోజులు ఆలోచించుకుని చెబుతాను" అనడం తప్పు కాదు. నియామకపు ఉత్తరంలో నోటీసు యెన్ని నెలలో రాసివుంటుంది. దానికి తగిన జీతం యిస్తారా, పని వదిలినట్టూ యిన్నేళ్ళు పనిచేసినట్టూ ఉత్తరాలు యెప్పుడిస్తారు, అన్నవి రాతమూలకంగా అడగాలి. నేను యివేమీ అడగకుండానే సంతకం పెట్టాను.

రెండు. అయిదేళ్ళు నిండినవాడికి గ్రాట్యుటీ హక్కు. దాని లెక్క సులభమే. చట్టం లెక్కలోకి తీసుకునే చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన యేళ్ళతో మళ్ళీ హెచ్చించాలి. ఆ వేతనం 52,000, పదేళ్ళ ఉద్యోగం అనుకోండి, 3 లక్షలు వస్తుంది. చట్టప్రకారం గరిష్ఠం 20 లక్షలు. నిర్ణీత కాలానికి ఒప్పందం మీద చేరినవాళ్ళకు ఒక యేడాది పనిచేసినా చాలునని 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులు చెబుతున్నాయి.

మూడు. కంపెనీ వారిచ్చే ఆసుపత్రి బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. తల్లిదండ్రుల వైద్యం కూడా దాని మీదే పెట్టుకున్న యిళ్ళు నాకు చాలా తెలుసు. ఉద్యోగం వున్నప్పుడే, చిన్నదైనా సరే, సొంతానికి వేరే పాలసీ తీసుకోవాలి. డెబ్బై యేళ్ళు వచ్చాక కొత్తగా తీసుకోబోతే ఖరీదూ యెక్కువ, షరతులూ యెక్కువ.

నాలుగు. అప్పు చేసేటప్పుడు, ఆరునెలలు జీతం రాకపోయినా వాయిదా కట్టగలమా అని ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవాలి. నేను వేసి చూసుకుని వుంటే, 2016లో ఆ రెండో ఉత్తరం రాసేవాణ్ణేమో!

ఇక యింట్లోవాళ్ళు చేయవలసింది. పొద్దున్నే "ఇవ్వాళయినా పని వచ్చిందా?" అని అడగకండి. వస్తే వాడే యెగిరి గంతేసి చెబుతాడు. సంబంధం మాట్లాడుతున్నవాళ్ళు వుంటే వాళ్ళ దగ్గరా దాచకండి. దాచి చేసిన పెళ్ళిలో, యేదో ఒకనాడు కొరియరు కుర్రాడు వచ్చి తలుపు తడతాడు. బెంచీ మీద వున్న నెలలు మనవి కావు అనుకోకుండా, యేదో ఒక దానికి నూనె వేసుకోమనండి. వాడి కంప్యూటరు భాషలు మీకు తెలియనక్కర్లేదు. వాడు చదువుకుంటూ కూర్చుంటే, పక్కన మీరు చిక్కుళ్ళు వొలుచుకుంటూ కూర్చోండి, చాలు.

నేను యిప్పుడు చిక్కపేటలోనూ అవెన్యూ రోడ్డులోనూ నాలుగు బట్టల దుకాణాలకు సరుకు లెక్కల ప్రోగ్రాములు రాసిపెడుతున్నాను. వెనుకటి జీతంలో మూడోవంతు కూడా రాదు. ఒక సేటుగారైతే, "ఈ లెక్క తప్పింది, చూడు స్వామీ" అని నా యెదుటే వేలుపెట్టి చూపిస్తారు. పాతికేళ్ళలో నా తప్పు యిదీ అని యింత స్పష్టంగా నాకెవరూ చూపించలేదు. దిద్దుకుంటున్నాను.

ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా మన సమాజం గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర వుంటాను. బెంచీ మీద వున్న పిల్లలు, రాజీనామా కాగితం చేతికి వచ్చినవాళ్ళు, ఎవరైనా రావచ్చు. ఉద్యోగం యిప్పించలేను. కాగితాలు కలిసి చదువుతాం, లెక్క వేస్తాం, కాఫీ త్రాగుతాం. అవ్వా, మీ మనవణ్ణి తప్పకుండా పంపించండి. వాడేం తప్పు చేశాడని గదా మీరు అడిగారు? ఏ తప్పూ చేయలేదు. ఆ మాట ముందు మీ నోటితో వాడికి చెప్పి, తరువాత పంపించండి.